ఐదూ వేశానండీ

మా అమ్మకు షుగరు జబ్బు. రోజూ సూది పడాల్సిందే. రేపల్లెలో మా ఇంటి నుంచి ఆసుపత్రికి రోజూ రిక్షాలో తిప్పే ఓపిక లేక, కాంపౌండరు దగ్గర నేనే సూది వేయడం నేర్చుకున్నాను. చాక్‌పీసు పట్టే చెయ్యి కదా, సూదికి అలవాటు పడడానికి నెల పట్టింది. అమ్మ పోయేనాటికి మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా డాక్టరు రాసిచ్చిన సీసా పట్టుకుని మా గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. "మేష్టారి హస్తవాసి మంచిదండీ, ఆయన చేత్తో ఒక్కటి పడితే చాలు, తగ్గిపోద్ది" అనేవాళ్ళు.

మావాళ్ళకు మందు కంటే వేసే చెయ్యి ముఖ్యం. అదే సీసా ఆసుపత్రిలో వేస్తే పనిచెయ్యలేదనీ, నేను వేస్తే తెల్లారేసరికి లేచి కూర్చున్నామనీ ఒట్టేసి చెప్పేవాళ్ళు. నేను బడిపంతుల్ని, రెండు ముక్కలు చదువుకున్నవాణ్ణి. నవ్వి ఊరుకోవాలి. ఊరుకున్నానా? మునగచెట్టు ఎక్కించేవాళ్ళుండాలే గానీ, ఎక్కడానికి నేను ఎప్పుడూ సిద్ధమే.

ఎనభైల మధ్యలో మాకొక కుక్క ఉండేది. ఊరకుక్కే. బడి వరండాలో దొరికి నా వెనకే ఇంటికొచ్చేసింది. "ఇదొకటి తక్కువైంది మనకి" అని సణిగిన మా ఆవిడే నెల తిరక్కుండా నాకంటే ముందు దానికి అన్నం పెట్టడం మొదలుపెట్టింది. దానికో పేరుండేది. ఆ పేరు ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు.

ఒకరోజు అది ఓ రైసుమిల్లు ప్రహరీ దూకబోయి ముళ్ళకంచెలో ఇరుక్కుంది. మెడ కింద లోతుగా దిగింది. పసుపూ వేపనూనే కలిపి రాశాం. వారం తిరిగేసరికి అక్కడ కొబ్బరికాయంత వాచింది. చీము, వాసన. అన్నం ముట్టడం మానేసి నీళ్ళకుండ పక్కన పడుకుంది. మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడంతా గేదెలు, దూడలు. కుక్కని రిక్షాలోంచి దింపుతుంటే ఎవరో "పెళ్ళికూతుర్ని దింపుతున్నారా ఏంటి" అని నవ్వారు. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు ఆయన. కూర్చుని, ఓపిగ్గా చీమునంతా తీసి కడిగారు. తర్వాత పెన్సిలిన్ కలిసిన పొడిమందు సీసాలు ఐదు నా చేతిలో పెట్టారు. నేను సూదులు వేస్తానని అప్పటికే ఎవరో ఆయన చెవిన వేశారు.

"ఐదు రోజులు మేష్టారూ. రోజుకొకటి, ఒకే టైముకి. రెండోరోజుకే పుండు ఎండినట్టు కనపడుద్ది, నమ్మకండి. లోపల ఇంకా ఉంటది. ఐదూ పడాల్సిందే" అన్నారు.

"అలాగేనండీ, అదెంత పని" అన్నాను.

ఆ రోజుల్లో గాజు సిరంజి. చిన్న గిన్నెలో నీళ్ళు పోసి, సిరంజీ సూదులూ అందులో వేసి కిరసనాయిలు స్టవ్వు మీద మరగబెట్టాలి. నీళ్ళు తెర్లుతుంటే సూదులు గిన్నెకు కొట్టుకుని టింగు టింగుమనేవి. మొదటిరోజు, శుక్రవారం, మా ఆవిడ తువ్వాలుతో మూతి పట్టుకుంటే నేను తొడకు వేశాను. కుయ్యిమంది. తర్వాత ఒక బన్నుముక్క పెట్టాం. శనివారం సాయంత్రం గిన్నె మోగగానే అదే లేచి వచ్చింది. స్టవ్వు పక్కన ఒక పక్కకు ఒరిగి పడుకుని, వెనక కాలు చాపింది. తువ్వాలు అక్కర్లేకపోయింది. మనుషులే సూది అంటే మంచం కిందకి దూరతారు, ఇదేంట్రా దేవుడా అనుకున్నాం.

ఆదివారానికి పుండు ఎండింది. వాపు తీసింది. అన్నం తిని వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చింది. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద మా వీధివాళ్ళు నన్ను పట్టుకుని "రెండు సూదులకే లేపేశారంటగా మేష్టారూ! చెయ్యంటే మీదండీ" అన్నారు. ప్రసంగం ఏం విన్నానో గుర్తులేదు గానీ ఆ మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

సాయంత్రం పక్కింటి పెద్దావిడ వచ్చింది. "నాయనా, మా మేక పొద్దుట్నించీ మేత ముట్టలేదయ్యా. నీ చేత్తో ఒక్క సూది వెయ్యి, నీకు పుణ్యముంటది" అంది.

అలమారలో మూడు సీసాలున్నాయి. ఒకటి తీశాను.

"ఏమండీ, డాక్టరు గారు ఐదన్నారు కదా" అంది మా ఆవిడ.

"నాకు తెలీదా? సూది పట్టుకునేది నువ్వా, నేనా?" అని కసిరాను. తగ్గినదాన్ని ఇంకా పొడవడం దేనికి, పాపం అని కూడా అన్నాను. పొగరుకి జాలి తొడుగు వేశాను.

గిన్నె మోగింది. కుక్క పరుగున వచ్చి స్టవ్వు పక్కన ఒరిగి కాలు చాపింది. నేను సిరంజిలోకి మందు ఎక్కించి దాన్ని దాటుకుంటూ "నీకు కాదులే, పో" అన్నాను. అది లేవలేదు. చెంబులోంచి నాలుగు నీటిచుక్కలు చిలకరిస్తే లేచిపోయింది.

మేక తెల్లారి మేత మేసింది. ఊరికే అరగక మేత మానేసిందో ఏమో, సూది వెయ్యకపోయినా మేసేదే. పేరు మాత్రం నాకొచ్చింది. సోమవారం, మంగళవారం కూడా కుక్క ఆ వేళకు వచ్చి స్టవ్వు పక్కన పడుకుంది. "మిగిలిన రెండన్నా వెయ్యండి" అంది మా ఆవిడ. రేపు ఇంకెవరికన్నా అవసరమొస్తుందని వాటిని దాచాను.

పది రోజులకు మెడ మళ్ళీ వాచింది. ఈసారి తల తిప్పలేకపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. రిక్షా కట్టించుకుని పరుగెత్తాం. డాక్టరు గారు చూసి నొసలు ముడిచారు.

"ఐదూ వేశారు కదండీ?"

మా ఆవిడ నా పక్కనే ఉంది. ఇద్దరు ముగ్గురు రైతులున్నారు. వాళ్ళలో ఒకాయన నా చెయ్యి మెచ్చుకున్నవాడే.

"ఐదూ వేశానండీ" అన్నాను.

ఎంత సాఫీగా వచ్చింది ఆ మాట! బడిలో అబద్ధమాడిన పిల్లల్ని గోడకుర్చీ వేయించేవాణ్ణి నేను. మా ఆవిడ నా ముఖం ఒకసారి చూసి, తల వంచి కుక్క చెవి నిమురుతూ ఉండిపోయింది. పదిమందిలో మొగుడి పరువు తీయకూడదనుకుంది, పిచ్చిది.

"అయితే ఈ మందు దీనికి పనిచెయ్యట్లేదు. మార్చాలి" అన్నారాయన. ఆ రెండో మందు రేపల్లెలో లేదు. మర్నాడు పొద్దున్నే రైలెక్కి తెనాలి వెళ్ళాను. షాపులో సాయంత్రానికి వస్తుందన్నారు. బల్ల మీద కూర్చున్నాను. ఇంట్లో అలమారలో రెండు సీసాలు పెట్టుకున్న మనిషి తెనాలిలో మందు కోసం కాపలా కాశాడు! నిజం చెప్పుంటే డాక్టరు గారు ఆ క్షణమే అదే మందు మళ్ళీ మొదలుపెట్టేవారేమో. బతికేదా? తెలీదు. ఒక రోజు మాత్రం కలిసొచ్చేది.

దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరాను. మా ఆవిడ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. స్టవ్వు వెలిగించి గిన్నె పెట్టాను. నీళ్ళు కాగి, సూదులు టింగుమన్నాయి. అది కళ్ళు తెరిచింది. మెల్లగా, మా ఆవిడ ఒళ్ళోంచి జారి, ఒక పక్కకు ఒరిగి వెనక కాలు చాపింది. చాపిన కాలు అలాగే ఉంది. నేను సూది తీసేలోపే ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ "ఆ రెండు సీసాలూ ఏం చెయ్యనండీ?" అని అడిగింది. అంతకంటే చెప్పుతో కొట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఎవరికీ సూది వేయలేదు. చూపు ఆనడం లేదని చెప్పాను. అదీ అబద్ధమే.

తొంభైలలో మా ఆవిడతో ఒక పెళ్ళికి బాపట్ల వెళ్ళి తిరిగొస్తుంటే, బస్టాండులో డాక్టరు గారు కనిపించారు. కాస్త ఒళ్ళు చేశారు. అక్కడికే బదిలీ అయిందట. మా ఆవిడ సీటు పట్టడానికి బస్సెక్కితే, ఆయన నాకు బలవంతంగా టీ ఇప్పించారు.

"మీ కుక్కని నేను మర్చిపోలేదండీ మేష్టారూ" అన్నారు. "ఐదు రోజులూ మీరంత శ్రద్ధగా వేసినా తగ్గలేదంటే తప్పు నాదే. మొదటే పెద్ద మందు రాయాల్సింది. అప్పట్నించీ కుక్క అని వస్తే ఆ పాత మందు జోలికే పోవట్లేదు. ఖరీదైందే రాస్తున్నా. కొనలేనోళ్ళు మందు లేకుండానే కుక్కని వెనక్కి తీసుకెళ్ళిపోతున్నారనుకోండి. ఏం చేస్తాం."

నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. ఇంతలో రేపల్లె బస్సు కదలబోతోందని కండక్టరు కేకేశాడు.

"మీ తప్పేం లేదు డాక్టరు గారూ" అని మాత్రం అని, గ్లాసు పెట్టేసి పరుగెత్తాను.

కిటికీ పక్కన మా ఆవిడ సీటు ఆపి ఉంచింది. బయట ఆయన చెయ్యి ఊపుతున్నారు.

"ఇప్పుడన్నా చెప్పారా?" అంది.

"చెప్పాను" అన్నాను.