అబిగయీలు చెప్పని సాక్ష్యం

నా అంగట్లో కూర్చొని నా మరదల్ని పొగరుబోతు అంటే నేను ఊరుకోను ప్రమీలమ్మా. ఆ దోశ తిను, తింటా విను. రూఫస్ ఆఫ్రికా నుంచి చెయ్యీ కాలూ బాగా ఇంటికొచ్చినాడు. మొన్న ఆదివారం చర్చిలో అయ్యగారు "అబిగయీలమ్మా, దేవుడు నీకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమ్మా" అంటే, ఆ పిల్ల లేచి చెప్పులేసుకోని బయటికి పోయింది. నిజమే. నువ్వూ చూసినావు, నేనూ చూసినా. అంతమాత్రానికే ఊరంతా దండోరా వెయ్యాల్నా? మేలు అనే ఆ మాట ఆ పిల్లకి యాడ గుచ్చుకుందో నీకు తెలీదు గదా.

రూఫస్ నా ఒక్కగానొక్క తమ్ముడు. మైపాడు ఇసకలో పొద్దన్నే పరిగెత్తి పరిగెత్తి మిలిటరీలో చేరినాడు. అబిగయీలుది సూళ్లూరుపేట. పెళ్ళైన కొత్తల్లోనే యాడో ఉత్తరాదిన క్వార్టర్స్ ఇస్తే కాపరానికి తీసకపోయినాడు. దీనికి హిందీ ముక్క రాదు. కూరగాయలోడితో వేళ్ళు చూపించి బేరమాడేదంట. ఒకరోజు పక్క క్వార్టర్లో ఎవరో కుక్కర్ని "నీ దుంపతెగ, కూతెయ్యవేందే" అని తిడతా ఉంటే, ఇది పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తింది. చూస్తే బుచ్చిరెడ్డిపాలెం పిల్ల, భానుప్రియ. దాని మొగుడు వెంకటేష్ది కూడా మావాడి పటాలమే.

ఇది బైబిలు చదివే పిల్ల, అది శనివారం ఒక్కపొద్దుండే పిల్ల. అయితే ఏంది? ఒకరింట్లో చారు కాస్తే రెండో ఇంట్లో అన్నం వండేవాళ్ళు. మొగుళ్ళిద్దరూ డ్యూటీ దిగి గేటు దాటడం ఎవురు ముందు చూస్తే వాళ్ళు రెండోదానికి ఫోను ఒక్క రింగు కొట్టి పెట్టేసేవాళ్ళు. ఇద్దరూ వస్తా ఉండారు, అన్నం వార్చు అని దానికర్థం.

ఆ సుఖం ఏడాది కూడా లేదు. ఐక్యరాజ్య సమితి వాళ్ళ శాంతి దళం అంట, ఆఫ్రికాలో ఏదో దేశం, దాని పేరుకి నాకు నోరు తిరగదు. ఆర్డరొచ్చింది, పోవాల్సిందే అన్నాడు మావాడు. ఈ పిల్ల నమ్మింది. తీరా మూటాముల్లె కట్టుకునే పొద్దుకి భానుప్రియ నోరుజారి చెప్పింది, మేం పోతామని పేర్లు వీళ్ళే ఇచ్చినారని. ఇంకేముంది, పెద్ద రాద్ధాంతం! "నాకు అబద్ధం చెప్తావా? నన్ను ఇడిసిపెట్టి పోవాలని అంత ఉబలాటమా?" అని ఇది. "ఆ శాంతి దళం నీలం టోపీ పెట్టుకోవాలని చేరినప్పటి నుంచి ఆశ, చెప్తే నువ్వు పోనిస్తావా?" అని వాడు. దీన్ని ఊరికి తీసకొచ్చి దించి వాడు తిరిగి పోయేపొద్దు, నెల్లూరు స్టేషన్లో రైలెక్కించేటప్పుడు కూడా ఇది మొగం తిప్పుకోనే ఉండింది. నాకు ఒళ్ళు మండి, "ఏమ్మే, పోయేవాడికి నవ్వి సాగనంపలేవా?" అని అరిచినా. అప్పుడు వాడి చెయ్యి పట్టుకుంది, రైలు కదిలిందాకా వదల్లేదు.

ఇది మా ఇంటికొచ్చింది, భానుప్రియ బుచ్చిలో అత్తగారింటికి పోయింది. ఆడ అత్త వెంకటశేషమ్మ, కోడలు ఫోను పట్టుకుంటే చాలు సాధిస్తది. అందుకని మళ్ళీ ఆ రింగులే. మొగుళ్ళిద్దరిదీ ఒకటే గుడారం, ఒకటే డ్యూటీ. ఒకడు చేస్తే ఇద్దరూ బాగున్నట్టే గదా! ఎవరికి ముందు ఫోనొస్తే వాళ్ళు రెండోదానికి ఒక్క రింగిస్తారు. అవతల నుంచి తిరిగి ఒక్క రింగొస్తది, తెలిసిందిలే అని.

పోయినేడు వానాకాలంలో టీవీలో చెప్పినారు, మనోళ్ళ క్యాంపు మీద దాడి జరిగిందని. పేర్లు చెప్పలేదు. పటాలం ఆఫీసుకి చేస్తే, ఇంకా ఏమీ తెలీదమ్మా అంటారు. ఆ పిల్ల అన్నం ముట్టలేదు. కుడితిలో పడ్డ ఎలుక మాదిరి ఇంట్లోకీ అంగట్లోకీ తిరిగేది. మన సంఘం ఆడోళ్ళంతా వచ్చి ప్రార్థన చేసినారు, నువ్వు కూడా వచ్చినావులే, నేను కాదన్లేదు. మర్నాడు పొద్దన్న నేను పిండి కలపతా ఉంటే దాని ఫోను మోగింది. ఏదో కొత్త నంబరు. "అబీ, నేను బాగుండా, భయపడమాక, నేను..." అంతే, కట్టయిపోయింది.

అబ్బా, ఆ పిల్ల మొగం చూడాల్సింది! నన్ను వాటేసుకోని, నా పిండి చేతుల్ని కూడా చూడకుండా ఎగిరింది. ఎగురుతానే భానుప్రియకి రింగు కొట్టింది. రెప్పపాటులో అవతల నుంచి రింగొచ్చింది. ఒకటి కాదు, ఆపకుండా మూడు. "పిచ్చిది, గంతులేస్తా ఉంటది వదినా" అని నవ్వింది.

నేను ఆ పూట వచ్చినోళ్ళందరికీ ఊరికే దోశలేసినా. కాసేపటికి అదే నంబరు మళ్ళీ మోగింది. నేనే ఎత్తినా. వాడు ఏడస్తా ఉండాడు. "అక్కా, నిన్న తెల్లారే వెంకటేష్ పోయినాడక్కా. నా పక్కనే. ఇందాక చెప్పబోయేలోపల కట్టయిపోయింది. ఎవురూ ఇళ్ళకి ఫోన్లు చెయ్యొద్దని ఆర్డరు, ఇది వేరే దేశపోడి ఫోను. ఆఫీసరు వాళ్ళింట్లో చెప్పేదాకా మీరు నోరెత్తొద్దు" అన్నాడు. అబిగయీలు ఫోను లాక్కోని, "నేను రింగిచ్చేసినా రూఫస్" అనింది.

నేను చెప్పినా, గమ్మునుండు, అది మిలిటరీవాళ్ళ పని, వాళ్ళే చెప్తారు అని. ఆ పిల్ల వింటేనా! "నేను చెప్పిన మాట నమ్ముకోని ఉంది వదినా" అని కట్టుకున్న చీరతోనే బస్సెక్కింది. ఒంటరిగా పంపిస్తానా, అంగడి మూసి నేనూ ఎక్కినా. నెల్లూరులో బస్సు మారేటప్పుడు కూడా చెప్పినా, పక్కన కూర్చుందాం, అంతే, నోరు మాత్రం మెదపొద్దని. సరే అనింది.

బుచ్చిలో వాళ్ళింటికి పోయేసరికి భానుప్రియ తలంటుకోని, పసుపుచీర కట్టి, తలనిండా పూలు పెట్టుకోని ఉంది. "అక్కా! నువ్వే వచ్చేసినావా!" అని పరిగెత్తుకోనొచ్చింది. మా చేతుల్లో కారందోశ ప్లేట్లు పెట్టింది. వెంకటశేషమ్మ కూడా ఆ రోజు నవ్వతానే ఉంది. రాములోరికి నూటొక్క టెంకాయ మొక్కుకునిందంట, మామ హజరత్తయ్య కాయలకి బజారుకి పోయినాడంట, ఆయన రాగానే గుడికి పోవాలంట. వీధంతా పిలిచేసింది. "అన్న ఏం చెప్పినాడక్కా? మా ఆయనకి జలుబు తగ్గిందంటనా? పోయినసారి గొంతు బొంగురుపోయి ఉండింది" అని ఒకటే అడగడం. నేను మంచినీళ్ళియ్యమ్మా అని మాట మార్చినా. అబిగయీలు దోశ వైపే చూస్తా ఉంది.

ఇంతలో వాకిట్లో పేరంటాళ్ళు నలుగురు వచ్చినారు. భానుప్రియ కుంకుమ భరిణె తీసకోని గడప దాటబోయింది. అబిగయీలు లేచి దాని చెయ్యి పట్టుకుంది. నేను కళ్ళతో వద్దు వద్దంటానే ఉండా.

"పోవద్దు భానూ. నేను తప్పు చెప్పినాను. రూఫస్ ఒక్కడే బాగుండాడు."

ఆ పిల్ల ఏడవలేదు. "ఎప్పుడు?" అనింది.

"నిన్న తెల్లారి."

"మరి నువ్వు రింగిచ్చింది ఈ పొద్దన్న గదా."

"నాకు తెలీదు భానూ. ఫోను కట్టయిపోయింది. సంతోషంలో నీకు కొట్టేసినా."

వెంకటశేషమ్మ గొల్లుమనింది. వాకిట్లో వాళ్ళు లోపలికొచ్చినారు. హజరత్తయ్య గోతాం భుజాన వేసుకోని, "పెద్దకాయలే దొరికినాయమ్మా" అంటా వచ్చి, మా మొగాలు చూసి గడప మీదనే కూలబడినాడు. భానుప్రియ ఎవరి వైపూ చూడలేదు. అబిగయీలు చేతిలోంచి తన చెయ్యి లాక్కోలేదు కూడా. మెల్లిగా, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"నిన్నంతా భయపడి చచ్చినా గదక్కా. ఆ భయంలోనే ఉండి ఉంటే, అట్నే ఏడుపులోకి పోయుంటా. మధ్యలో అంత సంతోషం నాకెందుకిచ్చినావు?"