పక్కచెవి మాస్టారు

మాస్టారు ఎవరితోనూ సూటిగా మాట్లాడరు. చెప్పదలచుకున్నది పక్కనున్నవాళ్ళ చెవిలో వేస్తారు, వాళ్ళు తమ పక్కవాళ్ళ చెవిలో వెయ్యాలి. అందుకే ప్రయోగశాలలో ఆయన పేరు పక్కచెవి మాస్టారు.

ఇదేం చోద్యమని అడిగితే పండ్ల ఈగను సాక్ష్యానికి పిలుస్తారు. ఈగ కంట్లో ఏ కణమూ తనేమవ్వాలో సొంతంగా తేల్చుకోదట. ఆనుకుని ఉన్న కణం కబురు పెట్టాలి. వెలుతురు చూసే ఎనిమిది కణాల్లో ముందు ఎనిమిదోది తయారై పక్కవాటిని పిలుస్తుంది, అన్నిటికన్నా ఆఖరున ఏడోది వస్తుంది. దానికి కబురందకపోతే చూడటం మానేసి, వట్టి కటకం పనిలో కుదురుకుంటుంది. అరుపులు లేకుండానే అంత కన్ను తయారవుతుంటే మనకెందుకు గోల అని ఆయన వాదన.

ఇంట్లోనూ ఇదే భాగోతం. ఎదురుగా కూర్చున్న భార్యను ఉప్పడగడానికి బావమరిది చెవిలో "ఉప్పిటివ్వు" అన్నారు. బావమరిదికి చెముడు. ఆవిడ దుప్పటి తెచ్చి కప్పింది. మహానుభావుడు దుప్పటి కప్పుకునే చప్పటి కూర తిన్నారు.

ప్రయోగశాలలో ఏడో కుర్చీ కొత్తమ్మాయిది. చేరి నెలలైనా పెదవి విప్పని పిల్ల. ఒకసారి ఈగలకు మత్తివ్వమన్న కబురు ఆమె దాకా వచ్చేసరికి ముద్దివ్వమని తేలింది. పాపం, సీసా ముందు చాలాసేపు ఆలోచించింది.

చివరికి తానిక్కడ పనికిరానని తేల్చేసుకుని, మానేస్తున్నానని చెప్పబోయింది. మాస్టారు చెవులు రెండూ మూసుకుని, గడ్డంతో ఆరో కుర్చీ వైపు చూపించారు. ఆమెకు ఏడుపొచ్చింది. బతుకు తేలే మాటక్కూడా ఈ పిచ్చేనా? చచ్చినట్టు ఆరో కుర్చీ అక్క చెవిలో చెప్పింది.

కబురు ప్రతి కుర్చీ దగ్గరా ఆగుతూ ముందుకెళ్ళింది. మొదటి కుర్చీ పెద్దాయన దాన్ని మాస్టారికి పైకే వినిపించాడు: "అమ్మాయి మానేస్తే మేమూ మానేస్తామండి."

తనన్నది అది కాదని కొత్తమ్మాయి గొణిగింది.

"నువ్వన్నదే. దార్లో కాస్త పెరిగింది," అంది అక్క. "నువ్వు రాకముందు ఈయన పైకప్పు లేచిపోయేలా అరిచేవారు. నువ్వు ఎవరితోనూ పలకట్లేదని, పక్కవాళ్ళ చెవిలోనైనా మాట్లాడతావని ఈ పద్ధతి పెట్టారు. ఇంట్లో కూడా చేస్తేగానీ ఇది తన అలవాటేనని నువ్వు నమ్మవని అక్కడా మొదలెట్టారట. వాళ్ళావిడే చెప్పి నెత్తి కొట్టుకుంది."

కొత్తమ్మాయి ముక్కు తుడుచుకుంది. అక్క చెవి దగ్గరికి వంగి, మానట్లేదని చెప్పమంది. నువ్వే చెప్పుకోమంది అక్క.

"మాస్టారూ, నేను మానట్లేదండి," అంది గొంతెత్తి. గదిలోవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు.

మాస్టారు సంబరం దాచుకోలేక మొహం పక్కకు తిప్పి, పెద్దాయన చెవిలో అడిగారు: "ఏమంటోందయ్యా?"