బావ గీసిన బాయి మాపు

వంటింటి తలుపు పడుతలేదని పోయిన వానకాలం మా అక్క ఫోన్ చేసింది. వానకు చెక్క ఉబ్బింది కావచ్చు తియ్యి అన్న. వారం దినాలకు మళ్ల చేసింది. గోడకు నెర్రె వచ్చిందట, అండ్ల తన చిటికెన వేలు పడుతున్నదట. మూడోసారి చేసినప్పుడు అక్క గొంతు చిన్నగయ్యింది. "తమ్మీ, బోళ్లు కడిగిన నీళ్లు మోరీకి పోతలేవురా. గచ్చులకే ఇంకుతున్నయ్" అన్నది. గా మాట ఇన్నంక నాకు బుగులు పట్టుకున్నది.

అక్క ఉండేది మంచిర్యాలకు గంట దూరం, బొగ్గు బాయిల దిక్కు. బొగ్గు గనిని మా దిక్కు బాయి అనే అంటరు. బావ బాయిల సర్వేయర్. భూమి కింద ఎంత దూరం తవ్విన్రో కొలిచి మాపు గీసుడు ఆయన పని. ఆయన పోయి నాలుగేండ్లయితుంది. ఆ బాయి సుత ఎన్నడో మూతపడ్డది. అక్క ఒక్కతే ఉంటది గని ఇల్లు ఎన్నడూ ఉత్తగుండది. ముందటర్రల ఎనిమిది కుట్టు మిషన్లు, పొద్దుగాల నుంచి ఆడపిల్లల ముచ్చట్లు, ఇకఇకలు. కుట్టు నేర్పుడే దాని లోకం.

"ఇల్లు ఖాళీ చెయ్యక్కా" అంటే నా మీదికి లేచింది.

"మీ బావ బాయి మాపు గీసిన మనిషి. బొగ్గు తీసిన జాగల ఇల్లు కడ్తడారా? మతుండే మాట్లాడుతున్నవా?"

మేస్త్రీ వచ్చి చూసి, ఇది నల్లరేగడి, వానకు ఉబ్బుతది, గంతే అని చెప్పిపోయిండట. మేస్త్రీ మాట దానికి వేదం, తమ్ముని మాట వట్టి కూత. బాయి ఆఫీసుకు పోయి అడుగుదాం పా అంటే, "మీ బావ గీత కంటే ఎక్కువనా?" అన్నది. నాకు సుత ముక్కు మీదనే ఉంటది కోపం. ఇద్దరం ఫోన్ల మీద లొల్లి పెట్టుకున్నం. ఆఖరికి అక్కనే ఒక్క మాట మీదికి వచ్చింది. బావ మాపుల ఇంటి కింద తవ్విన పొక్క ఉంటే అదే దినం ఇల్లిడిచి పెడుత, లేకుంటే నువ్వు ఇగ జన్మల ఈ ముచ్చట ఎత్తద్దు అన్నది. నేను సరే అన్న.

మాపు ఏడున్నదంటే, ఫ్లాపీల ఉన్నది.

బావ నౌకరి చేసే దినాలల్ల నేను మంచిర్యాలల కంప్యూటర్ నేర్పుతుంటి. నా దగ్గర ఇంట్ల వాడుకునే చిన్న కంప్యూటర్ ఒకటుండె. కీబోర్డే మిషన్, దాన్ని టీవీకి తగిలియ్యాలె. ఫ్లాపీ డ్రైవు వేరుగ ఇనుప డబ్బాల ఉంటది. బావకు అదంటే పిచ్చి. ఐతారమైతే చాలు, తన నోటుబుక్కు సంకల పెట్టుకోని దిగుతుండె. అండ్ల అన్నీ కొలతలే. ఆ అంకెలను గీతలుగ చేసి టీవీ మీద చూపెట్టే ప్రోగ్రాం నేనే రాసిన. బావ ఒక్క వేలుతోటి అంకెలు కొట్టుకుంట కూసుంటుండె. ఛాయ్ సల్లారినా సోయి ఉండకపోయేది. ఆ ఫ్లాపీలను ఆయనే ఇంటికి తీస్కపోయి దాసుకున్నడు.

అక్క బస్సుల మా ఇంటికి వచ్చింది. చేతిల బిస్కెట్ల రేకు డబ్బ. మూత తీసి చూసిన, నాకు నెత్తి తిరిగింది. పది ఫ్లాపీలు, పదింటికీ పసుపు, కుంకుమ బొట్లు. అవి వట్టి మీది కవరు మీద లెవ్వు. ఫ్లాపీకి డ్రైవు చదువుకునే సందు ఒకటుంటది, సరిగ్గ దాని మీదనే పెట్టింది మహాతల్లి.

"ఇదేం పనక్కా! అద్దం మీద గీకినట్టే కదనే ఇది?"

"దసర పూజకు మిషన్లతో పాటు పెట్టిన. మీ బావ పనిముట్లు కావా అవి? ఏడాదికోపారి బొట్టు పెడితే పాపమా?"

నేను నోటికొచ్చినట్టు తిట్టిన. తిట్టుకుంటనే సజ్జ మీద నుంచి నా డ్రైవు దించి, మరలు తీసి మూత లేపిన. అండ్ల చదివే ముక్క పక్కకే ఎండిపోయిన అక్షింతలు మూడు, ఎర్రగ ఇంత కుంకుమ. ప్రతి దసరకు ఆ డ్రైవు డబ్బకు దండం పెట్టి అక్షింతలు చల్లింది నేనే. అక్క లోపలికి వంగి చూసి, నా మొఖం చూసి, "మరి గిది ఎవరు చేసిన్రు సారూ?" అన్నది. ఆ దినం అక్క నవ్వింది గదొక్కపారే.

డ్రైవును దూదితోటి, స్పిరిట్‌తోటి తుడిచిన. అక్క వాళ్ల దిక్కు మాపున్న ఫ్లాపీ ముచ్చటే కష్టమైంది. లోపలుండే పల్చటి నల్ల బిళ్ల మీదికి పసుపు దిగింది. దాన్ని గట్లనే తిప్పితే గీసుకపోతది, ఇగ మాపూ లేదు గీపూ లేదు. కవరు అంచు కోసి బిళ్లను తీసి కడగాలె. నేను బ్లేడు పట్టుకోని ఏడ కొయ్యాల్నని కవరును అటిటు తిప్పుతున్న. "ఇటు తే" అని అక్క బ్లేడు గుంజుకున్నది. జాకెట్ కుట్లు ఇప్పినట్టు అంచును సాఫుగ ఇప్పింది. బిళ్లను మంచినీళ్లల్ల దూదితోటి తుడిచినం, బట్ట మీద పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టినం. ఆరేదాక అక్క పసుపంటిన తన వేలి గోరు దిక్కే చూసుకుంట కూసున్నది.

పనికిరాని ఫ్లాపీ కవరు ఒకటి కోసి, ఈ బిళ్లను అండ్ల పెట్టి, డ్రైవుల దోపిన. స్విచ్ ఏసిన. గరగర తిరిగి టక్కున ఆగింది. మళ్ల తిరిగింది. టక, టక, టక. లోపలెవరో తలుపు కొడుతున్నట్టున్నది. చదువుతలేదని టీవీ మీద పడ్డది. బయటికి తీసి, తుడిచి, మళ్ల దోపిన. నాలుగోసారికి పట్టుకున్నది.

నల్ల తెర మీద తెల్ల గీతలు ఒక్కొక్కటే రావట్టినయ్. పైన సడక్. సడక్ పక్కకు నీళ్ల ట్యాంకు. అక్క కుర్చీ ముందటికి గుంజుకున్నది. "ట్యాంకు కాడ మలిగితే మా గల్లే" అని తెర మీద వేలు పెట్టింది. ఆ తర్వాత బాయి నోరు వచ్చింది, దాని నుంచి సొరంగాలు. పడమటి దిక్కు నుంచి ఒక్కొక్క సొరంగం అక్క వేలు దిక్కే వస్తున్నది. ఈడ ఆగుతదేమో, ఈడ ఆగుతదేమో అని నేను లోపలనే మొక్కుకుంటున్న. డ్రైవు ఆగి, టకటక కొట్టుకోని, మళ్ల గీస్తున్నది. గీసినకొద్దీ ముందటికే వచ్చింది. వేలు కిందికి వచ్చింది, వేలు దాటి అవతలికి పోయింది.

ఆఖరుకు ఆ జాగల దగ్గర దగ్గరగ అడ్డగీతలు పడ్డయ్. వాటి నడుమ చిన్న డబ్బ ఒకటి. డబ్బ పక్కకు ఇంగ్లీషుల నాలుగు అచ్చరాలు.

"గా అడ్డగీతలేంది తమ్మీ?"

నాకు ఎరుకే. బావనే చెప్పిండు. తవ్వేటప్పుడు పైకప్పు కూలకుండ నడుమ నడుమ బొగ్గు స్తంభాలు ఇడిచిపెడ్తరు. ఆఖరుకు ఆ స్తంభాలు సుత తీసుకోని బయటికొస్తరు. అట్ల తీసిన జాగలకు అడ్డగీతలు గీస్తరు. ఆడ పైకప్పును ఆపేటిది ఏం ఉండది, అది ఎన్నడో ఒకనాడు దిగవలసిందే. ఏదో అబద్ధమాడుదామా అనుకున్న గని ఏమని ఆడాలె? ఉన్నదున్నట్టు చెప్పిన. అక్క తల ఊపుకుంట ఇన్నది.

"మరి గా డబ్బ?"

"మీదేనక్కా."

"ఏం రాసి ఉన్నది?"

"ప్లాట్ అని."

"ఇల్లు అని ఎందుకు రాయలే?"

"అప్పటికి ఇల్లు లేదు గదక్కా, ఇంకా ప్లాటే..." అన్న. అంటుంటె అంటుంటెనే నాకు సమజైంది. నాలుక కరుసుకున్న. జర ఆగితే ఏం పోయేది నాకు! ఆ నోటి దూల ఇప్పటిదాక నన్ను ఇడుస్తలేదు.

అక్క తెర మీద నుంచి వేలు తీసింది.

"అంటే కట్టకముందే ఎరుక" అన్నది.

బావ అట్లెందుకు చేసిండో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏం కాదులే అనుకున్నడా? దిగేటప్పటికి మనముంటమా అనుకున్నడా? అడుగుదామంటే మనిషి లేకపాయె. అక్క ఏడ్వలే, నన్ను తిట్టలే. ఫోన్ తీసి, కుట్టుకు వచ్చే పిల్లలల్ల పెద్దదానికి చేసింది. "బిడ్డా, రేపటి నుంచి రాకుండ్రి. ఒక్కరు సుత రావద్దు. మీ బట్టలుంటే నేనే తెచ్చిస్త, మీరు మాత్రం ఆ ఇంట్ల కాలు పెట్టద్దు" అని రెండుసార్లు చెప్పింది.

తెల్లారి ట్రాలీ ఆటో మాట్లాడుకోని పోయినం. వంటింట్ల గచ్చు జానెడు దిగింది. అడుగేస్తే కింద డొల్ల సప్పుడు వస్తున్నది. గట్టిగ నడువకుండ, గట్టిగ మాట్లాడకుండ ఒక్కొక్క మిషన్ బయటికి మోసినం. బోళ్లు, బియ్యం, బీరువాల చీరెలు, ఆఖరికి చీపురు సుత ఎక్కిచ్చింది అక్క. ఇగ అయిపోయిందనుకున్నప్పుడు, దండతోటి గోడకున్న బావ ఫోటో నా కంటికి కనబడ్డది. నెర్రె మేకు దాక వచ్చి ఉన్నది. స్టూలేసుకోని చెయ్యి చాపిన.

"దాన్ని ముట్టకు" అన్నది అక్క వాకిట్ల నుంచి.

"ఫోటో అక్కా, బావది."

"ఎవలిదో నాకు ఎరుకే. ఈ ఇంటి కింద ఏమున్నదో ఆయనకు ఎరుకే. ఇన్నేండ్లు నన్ను ఉంచిండు గదా, ఇగ ఆయన్ను ఉండుమను."

నేను స్టూలు దిగిన. అక్క అప్పటికే పోయి ఆటోల కూసున్నది.