అక్క మెరుగు పెట్టిన స్ఫటికం

నలభై ఆరేళ్లొచ్చినా వర్క్‌షాపులో ఆవిణ్ణి అందరూ చిట్టి అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది వాళ్లక్క. పని నేర్పిందీ అక్కే. స్ఫటికాలకు మెరుగు పెట్టే పని. ఒక్కోటి జానెడు పొడవు, చూస్తే గాజు, ఎత్తితే ఇనుముకంటే బరువు. శాస్త్రవేత్తలు భూమి లోపల కట్టే పెద్ద యంత్రంలో అలాంటివి వేలకు వేలు పేరుస్తారు. దూసుకొచ్చిన కణం స్ఫటికంలో ముక్కచెక్కలై ఆగిపోతుంది. అప్పుడు పుట్టే వెలుగును కొలిస్తే అది ఎంత శక్తితో వచ్చిందో తెలుస్తుంది. మెరుగు కుదరకపోతే వెలుగు దారిలోనే పోతుంది, కొలత తప్పుతుంది.

ఒకరోజు చిట్టి చేతిలోంచి స్ఫటికం జారి బల్ల అంచుకు కొట్టుకుంది. లోతుగా గీత పడింది. మేస్త్రీ వచ్చి, "ఎవరిదీ నిర్వాకం?" అని అరిచాడు. పక్క కుర్చీలోంచి అక్క తలెత్తకుండానే "నాదే" అంది.

అక్కను ప్యాకింగుకు మార్చారు. పదిహేనేళ్లు మెరుగు పెట్టిన చేతులతో అట్టపెట్టెలు కడుతూ ఉండలేక, నెల తిరక్కుండా మానేసి వేరే ఊరు వెళ్లిపోయింది. మళ్లీ ఇటు తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే "తిన్నావా? పిల్లలు బాగున్నారా?" అంతే. పక్క కుర్చీలో కొత్తమ్మాయి కూర్చున్నా, ఏ కాస్త అనుమానం వచ్చినా చిట్టి "అక్కా, ఇది చూడు" అంటూ అటు తిరిగేది. ఆ అమ్మాయి మొదట్లో నవ్వేది, తర్వాత మానేసింది.

తొమ్మిదేళ్లకు యంత్రం విప్పారు. స్ఫటికాలు మసకబారాయేమో చూడమని, ముట్టుకుంటే రేడియేషన్ ప్రమాదం లేదని తేల్చాక, కొన్నిటిని వర్క్‌షాపుకు పంపారు. మూడోది తీసుకోగానే చిట్టి బొటనవేలు అంచు మీద ఆగిపోయింది. పదును పోయేలా అంచు అందరూ చెక్కుతారు. చివర్లో రవ్వంత గుండ్రం చేసేది అక్క ఒక్కతే. రిజిస్టరు తీసి చూసింది. అక్క సంతకమే.

అందరూ భోజనాలకు వెళ్లాక ఫోన్ చేసింది.

"అక్కా, నీ చేతిది ఒకటి వచ్చింది."

"గీతలున్నాయా?"

"ఒక్కటీ లేదు." ఆ గుండ్రటి అంచును చిట్టి మళ్లీ తడిమింది. "అక్కా, అప్పటి గీత..."

"అది నీ చేతిలో పడిందని నాకు తెలీదనుకున్నావటే?"

"మరి ఎందుకు రావు? నా మీద కోపమా?"

"పిచ్చిమొహమా, కోపం కాదు. వచ్చి, ఆ బల్ల దగ్గర పని లేకుండా చేతులు కట్టుకుని నిలబడటం నా వల్ల కాదు." ఆ మాట అక్కడితో తెంచేసి, "వెలుగు ఎంతొస్తోందో చూసి చెప్పు" అంది అక్క.

వెలుగు కాస్త తగ్గింది గానీ పనికొస్తుందన్నారు. మళ్లీ మెరుగు పెట్టనక్కర్లేదని చిట్టే గట్టిగా చెప్పింది. మర్నాడు దాన్ని పెట్టెలో సర్ది పంపించేసింది.

ఆ ఏడూ అక్క రాలేదు. కానీ ఇప్పుడు తనే ఫోన్ చేస్తోంది. మెరుగు పెట్టే పేస్టు మార్చారా, కొత్తవాళ్లకు చెయ్యి కుదిరిందా అని అడుగుతుంది. చిట్టి అన్నీ చెబుతుంది. అవతల పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని కూర్చుంటుంది.