కోచ్ గారి ముద్దుపేరు

ఈరోజు మనం పెరిగిన పిస్కాటవేలో కాలేజీ గ్రౌండ్ దగ్గర కారు దిగగానే కోసిన పచ్చగడ్డి వాసన గుప్పుమంది. మన అపార్ట్‌మెంట్స్ పిల్లలూ, గుర్తుందా? కాలేజీ బేస్‌బాల్ కోచ్ సమ్మర్‌లో మనకీ ఆట నేర్పేవారు. అమ్మ ఆయనకి స్టీలు డబ్బాలో పులిహోర పంపేది. నేను ఆయన్ని అంకుల్ అంటే మాత్రం ఊరుకునేది కాదు.

"అంకుల్ ఏంట్రా? ఆట నేర్పే గురువు! కోచ్ గారు అను," అనేది.

ఆయనేమో 'గారు' అంటే మనం పెట్టిన ముద్దుపేరనుకున్నారు. "కాల్ మీ గారు!" అని కాలేజీ టీమ్‌కీ చెప్పేశారు. ఎంత నవ్వుకున్నామో!

ఇవాళ ఆయన రిటైర్మెంట్. జుట్టు నెరిసిన పాత ప్లేయర్ల నుంచి ఇప్పటి కుర్రాళ్ల దాకా అందరూ లేచి నిలబడి, "గారు! గారు!" అని ఒకటే అరుపులు.

పక్కనే ఉన్న అమ్మ కళ్లు తుడుచుకుని, "చూశావా, ఇంతమందికి మర్యాద నేర్పించా," అంది.