పట్టాభి సగమే అనుకున్న మాట

ద్రాక్ష పందిళ్ళు పీకి ప్లాట్లకు హద్దురాళ్ళు పాతుతున్న కాలంలో, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కొత్త కాలనీలో, తెనాలి నుంచి వచ్చిన తెలుగు పండితులు శ్రీరామమూర్తిగారు రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఇరుగుపొరుగంతా గుంటూరు, కృష్ణా జిల్లాలవారే. గోడలకు సున్నం పడకముందే, గుంటూరులో చదువుతున్న వారి అబ్బాయి పట్టాభికి ఎమ్.కామ్.లో మొదటి తరగతి వచ్చింది. ఆ పట్టా చూసే ఆబిడ్స్‌లోని ఒక పెట్టుబడుల సంస్థ, తన సొమ్ముతో షేర్లు కొని అమ్మే విభాగంలో అతనికి చోటిచ్చింది. ఏడాది గట్టెక్కితే ఉద్యోగం ఖాయమవుతుంది. పట్టాభి అంతగా కోరుకున్నది మరొకటి లేదు.

ధర నిర్ణయించేది విభాగాధిపతి బాపిరాజుగారు. దాన్ని ఫోనులో బ్రోకరు మనిషికి చేరవేసేది పట్టాభి. ఆ మనిషి ఎక్స్ఛేంజి గుంపులో నిలబడి, కేకలు వేసి, బేరం కుదిర్చి తిరిగి ఫోను చేయాలి. పాత మనిషి మానేయగా ఒక వారం అంతయ్య వచ్చాడు. మీర్‌పేట్‌వాడు. గొంతు పెద్దది, మాట పొదుపు.

ఆ వారంలోనే ఒకరోజు, ఒక సిమెంటు కంపెనీ షేర్లన్నీ వదిలించుకోవాలని బాపిరాజుగారి ఆజ్ఞ. మధ్యాహ్నం ఫోను మోగింది.

“ఏమైందండీ?”

“సార్, అమ్మిన.”

వెనక హోరు. లైను తెగిపోయింది.

ఇక్కడ కాస్త వ్యాకరణం చెప్పక తప్పదు. ‘అమ్మిన’ అనేది కోస్తావారి చెవికి క్రియాజన్య విశేషణం. అమ్మిన ధర, అమ్మిన మనిషి అన్నట్టు, వెనక ఒక నామం లేనిదే దానికి నిలకడ లేదు. తెలంగాణలో అదే మాట సమాపక క్రియ. ‘అమ్మినాను’ తన తోకను విడిచి ‘అమ్మిన’ అయి, అక్కడితో వాక్యం ముగుస్తుంది. రెండూ సాధురూపాలే. కానీ సగంలో ఆపిన వాక్యాన్ని పూర్తి చేయించి గాని కంచం ముందు కూర్చోనివ్వని తండ్రి చేతుల్లో పెరిగాడు పట్టాభి. అతని చెవి నామం కోసం ఎదురుచూసింది. ‘అమ్మిన షేర్లేవీ లేవు’ అనబోతుండగా లైను తెగిందని తీర్మానించుకున్నాడు. ఎన్నిసార్లు తిప్పినా ఫోను కలవలేదు. బజారు మూసేస్తారన్న భయంతో అవే షేర్లను ఇంకో బ్రోకరుకు అప్పగించాడు.

సాయంత్రానికి తేలింది, ఒకే సరుకును సంస్థ ఇద్దరికి అమ్మిందని. మర్నాడు ధర పెరిగింది. లేని షేర్లను నష్టానికి కొని ఇవ్వవలసి వచ్చింది.

బాపిరాజుగారు తలుపు వేసి కూర్చోబెట్టారు.

“అంతయ్య సరిగ్గా చెప్పలేదని ఒక్క ముక్క అను పట్టాభీ. మిగతాది నేను చూసుకుంటాను.”

“అతని ఉద్యోగం?”

“ఆ బ్రోకరు తన మనిషిని తాను మార్చుకుంటాడు. ఎమ్.కామ్. ఫస్టుక్లాసు మాటకీ, అతని మాటకీ పైవాళ్ళు దేన్ని నమ్ముతారో నీకు తెలీదా?”

పట్టాభికి తెలుసు. ఆ పట్టా తనకు ఇంతవరకు ఉద్యోగం తెచ్చిపెట్టింది; ఇప్పుడు ఒక మనిషి కూడు తీయడానికీ పనికొస్తుంది.

“అతను పూర్తిగానే చెప్పాడండీ. నాకే అర్థం కాలేదు.”

“పిచ్చివాడా, ఈ కుర్చీ మళ్ళీ దొరకదు!”

దొరకలేదు కూడా. పట్టాభిని డివిడెండ్లు నమోదుచేసే గదికి మార్చారు. ఇంట్లో శ్రీరామమూర్తిగారు విని, ఆ పూట ఎవరికీ పాఠం చెప్పలేదు.

ఒక ఆదివారం, మిద్దెమీద గది కోసం ఇసుక మాట్లాడడానికి ఎల్బీ నగర్ చౌరస్తాకు వెళితే అంతయ్య ఎదురుపడ్డాడు.

“నా పేరు చెప్పలేదట గద సార్. చెప్తే పోయేటోన్ని.”

“జరిగింది చెప్పాను, అంతే.”

“గింత అమాయకులైతే ఎట్ల సార్!” అని నవ్వబోయి, అతని మొహం చూసి ఆగాడు. “ఒకటి అడుగుత. మా తమ్ముడు బీకామైండు. ఎమ్.కామ్. చేస్తనంటుండు. చేస్తె మీ అసొంటి కొలువు దొరుకుతదా?”

పక్కన ఆగిన లారీలోంచి తడి ఇసుక కారుతోంది.

“దొరుకుతుంది అంతయ్యా. నాకు దొరికింది దానివల్లే. చదవమను. కాకపోతే, కొలువులో చేరేముందు కొన్నాళ్ళు ఆ గుంపులో నీ పక్కన నిలబడి, అక్కడి మాట వినమను. నేను వినలేదు.”

“నా పక్కనా? కాళ్ళు తొక్కుతరు సార్ ఆడ!”

“తొక్కనీ,” అన్నాడు పట్టాభి. ఇసుక ధర అడగకుండానే దిల్‌సుఖ్‌నగర్ వైపు నడక సాగించాడు.