బాగలూరు చింతచెట్టుకు నా జుట్టు

మీరంతా మర్యాదస్తులు, నోరు తెరిచి అడగడం లేదు. కానీ చూపులు తెలుస్తాయి కదా! నా తలమీద కుడిపక్క ఎలుక కొరికినట్టు ఆ ఖాళీ ఏందని కదూ? ఆ జుట్టు యాడికీ పోలేదు. బాగలూరు దగ్గర ఒక చింతచెట్టుకు మేకు కొట్టి భద్రంగా పెట్టినారు. టీ పోయండి, చెప్తాను.

నేను అడవి కథలు, దయ్యాల కథలు రాస్తానని మీకు తెలుసు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని అడవి గురించి రాసే రకం కాదు స్వామీ నేను! ఏనుగు లద్దె ఎంతసేపు వెచ్చగా ఉంటుందో సానమావు అడవిలో చెయ్యి పెట్టి చూసి రాసినవాణ్ణి. మేకలు కాసేవాళ్ళ వెంట మూడు దినాలు తిరిగి, కాళ్ళల్లో ముళ్ళు తీసుకుంటా రాసినవాణ్ణి. ఆ గర్వం నాకుంది, ఎందుకు దాచుకోవాలి?

అట్లాంటి నాకు వారపత్రిక ఎడిటర్ ఇన్‌లాండ్ లెటర్ రాస్తాడా! "మీ అడవి బాగుంది. మీ దయ్యమే ఎవరినీ భయపెట్టడం లేదు. వచ్చే భాగం కూడా ఇట్లాగే ఉంటే సీరియల్ ఆపేస్తాం." నాకు ఒళ్ళు మండిపోయింది. నా దయ్యానికి భయపెట్టడం రాదా? ఫ్యాక్టరీకి రెండు రోజులు లీవు పెట్టి పద్నాలుగు పేజీలు రాసినాను. మర్నాడు పొద్దున్నే పోస్టు చేయాలి.

అయితే నాకొక అలవాటుంది. రాసింది గొంతు మార్చి గట్టిగా చదివితే గానీ నమ్మకం కుదరదు. ఇంట్లో చదివితే మా ఆవిడ "పక్కింటి పసిబిడ్డ ఉలిక్కిపడతా ఉంది, ఆపండి" అంటుంది. అందుకని ఒక ఫ్రెండును అడిగి, వాళ్ళ చామంతి తోటలో మోటారు రూము తాళంచెవి తీసుకుని, మోపెడ్ మీద బాగలూరు పోయినాను. పట్టపగలు పదకొండు గంటలు. చుట్టుపక్కల ఎవరూ లేరనుకుని తలుపు మూసి మొదలుపెట్టినాను.

కథలో రంగమ్మ అని ఒకామె. కట్టెలకు పోయి అడవిలో చచ్చిపోయి, దయ్యమై ఫారెస్టు గార్డును పట్టుకుంటుంది. గార్డుకు లావు గొంతు, రంగమ్మకు సన్న గొంతు. "నా బిడ్డ యాడరా?" అని రంగమ్మ మాదిరి ఏడుస్తాను, "వదులు, వదులు!" అని గార్డు మాదిరి అరుస్తాను. అబ్బ, ఆ రూము ఎట్లా మారుమోగిందనుకున్నారు! నాకే ఒళ్ళు జలదరించింది.

దబామని తలుపు తెరుచుకుంది. తోటలో పూలు కోసే ఆడవాళ్ళు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. ముందర మునెమ్మ అనే పెద్దావిడ. పూలు కోసేవాళ్ళకు మేస్త్రి ఆమే, చుట్టుపక్కల ఊళ్ళల్లో గాలి సోకినవాళ్ళకు డాక్టరూ ఆమేనని తర్వాత తెలిసింది.

"చూడండే, ఒక్క మనిషి, రెండు గొంతులు! గట్టిదే పట్టింది. పట్టుకోండి!"

నన్ను లాక్కొచ్చి చింతచెట్టు కింద కూర్చోబెట్టినారు. నిప్పు చేసి ఎండుమిరపకాయలు, ఉప్పు వేసినారు. ఆ పొగకు నా కళ్ళు చింతనిప్పులైనాయి. వాళ్ళకు అదొక సాక్ష్యం! మునెమ్మ వేపమండలు చేతికి తీసుకుంది.

"ఎవురే నువ్వు?"

"రచయితనమ్మా!"

"యా ఊరు?"

"హోసూరు!"

"చూసినారా, చెప్తా ఉంది! ఈయప్పని ఎందుకు పట్టినావే?"

"నేనే ఈయప్పని!"

వీపు మీద ఒకటి పడింది.

"నీకేం కావాల? కోడి కావాల్నా, చీర కావాల్నా?"

"నా కాయితాలు కావాల!"

కాయితాలు అడిగే దయ్యాన్ని ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదంట. పార్వతి అనే అమ్మాయి నా పద్నాలుగు పేజీలు చేతిలో పట్టుకుని నిప్పు పక్కనే ఉంది. "నిజం చెప్పి పోతావా, నీ కాయితాలు కాల్చేదా?" అంది మునెమ్మ.

నా పై ప్రాణాలు పైనే పోయినాయి. కార్బన్ కాపీ కూడా లేదు! అప్పుడు తట్టింది. ఈ తంతు నేను మూడు నవలల్లో రాసినాను కదా! దయ్యం పేరు చెప్పాలి, చచ్చిన కథ చెప్పాలి, పోతానని మాటివ్వాలి. రచయితనంటే దెబ్బలే కదా, ఇంకేం చేసేది? తల గిరగిరా తిప్పి, "నేను రంగమ్మని!" అన్నాను.

వేపమండలు ఆగిపోయినాయి. ఇంక చూడండి నా ప్రతాపం! రంగమ్మ బిడ్డను చంకన వేసుకుని కట్టెలకు పోయింది, ఏనుగు అడ్డమొచ్చింది, బిడ్డను చెట్టు తొర్రలో దాచి తాను ఇంకో దిక్కుకు పరుగెత్తింది... కాయితంలో లేనివి కూడా నోటికొచ్చేస్తా ఉన్నాయి. ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అయ్యో తల్లీ, బిడ్డ ఏమాయె?" అని మునెమ్మే అడిగింది.

నేను గొంతు బాగా తగ్గించినాను. "ఆ బిడ్డ కోసమే తిరగతా ఉండాను. అదో... మీ ఎనకాల నిలబడుకోనుండేది ఎవురు?"

కెవ్వుమన్నారు! అందరికంటే గట్టిగా పార్వతి అరిచింది. అరిచి రెండు చేతులూ పైకెత్తేసింది. నా పద్నాలుగు పేజీలూ పోయి నిప్పులో పడినాయి.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నా దయ్యం ఎనిమిది మందిని ఒక్కసారిగా భయపెట్టింది, ఆ గర్వం ఒక పక్క. ఎడిటర్‌కు పంపాల్సింది కళ్ళముందే బూడిదవుతా ఉంది, ఆ బాధ ఇంకోపక్క. ఇంతలో రంగమ్మ చేత "మళ్ళీ రాను" అనిపించి, నాకు ఉండే నాలుగు వెంట్రుకల్లో మూడు కత్తిరించి, దయ్యం అక్కడే ఉండిపోయేటట్టు చెట్టుకు మేకు కొట్టేసినారు. చివర్లో చల్లటి రాగి అంబలి ఇచ్చి, "ఇప్పుడు తేలిగ్గా ఉందాప్పా?" అని ఎంతో ప్రేమగా అడిగినారు.

సాయంత్రం ఇంట్లో కూర్చుని, చెట్టు కింద చెప్పిందంతా గుర్తున్నంత వరకు రాసి మర్నాడు పోస్టు చేసినాను. అచ్చయింది. ఎడిటర్ పాఠకుల ఉత్తరాల కట్ట పంపించి, సీరియల్ పొడిగించమన్నాడు! నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. పత్రిక చంకలో పెట్టుకుని నేరుగా బాగలూరు పోయినాను.

"మునెమ్మా, ఆ దినం దయ్యమూ లేదు, గాలీ లేదు. ఆ కథ కట్టింది నేను. నా పేరు కూడా అచ్చేసినారు, చూడు" అని చెప్పి భాగం మొత్తం చదివి వినిపించినాను.

ఆమె వక్కాకు నములుతా ఆఖరి దాకా వినింది.

"నీదెట్లవుతుందప్పా? చెప్పింది ఆ యమ్మ, మేమంతా విన్నాం. నువ్వు రాసుకున్నావు, అంతే" అని, నా తలమీద ఆ ఖాళీని జాలిగా నిమిరింది. "దాన్లో కూడా సగం మరిచిపోయినావు. ఆ యమ్మ చెప్పినంత బాగా లేదు."